జొన్నబెండు విమానం: పని డైరీ

జొన్న చేలున్న ఊళ్ళలో బెండుబండి చేయడం పిల్లలకు ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. చొప్ప వామిలోంచి ఒక ఎండు దంటు లాగి, పై తొక్క చీల్చి, లోపలి బెండును ముక్కలు చేసి, ఆ తొక్క పుల్లలనే మేకుల్లా గుచ్చుకుంటూ పోతే చక్రాలు, ఇరుసు, కాడి అన్నీ తయారు. జిగురు అక్కర్లేదు. విరిగితే ఇంకో పుల్ల గుచ్చి మళ్ళీ లాక్కెళ్ళడమే.

ఆ పనితనంతోనే ఒక విమానం కట్టాలన్నది ఈ ప్రాజెక్టు. రెక్కలు 40 సెం.మీ., రబ్బరు మెలి శక్తితో ఎగరాలి, రబ్బరు కాకుండా బరువు 12 గ్రాముల దగ్గర ఆగాలి. పెట్టుకున్న నియమం ఒక్కటే: కింద పడ్డాక రెండు నిమిషాల్లో, పడ్డ చోటే బాగుచేసి మళ్ళీ ఎగరేయగలగాలి. బాగుచేయడానికి ఇంటికి మోసుకెళ్ళాల్సిన బొమ్మతో ఆట అక్కడికక్కడే తెగిపోతుంది. కింద రాసిన ప్రతి నిర్ణయమూ ఈ నియమం నుంచి వచ్చిందే.

రబ్బరు విమానం కొత్త సంగతేమీ కాదు. 1871 ఆగస్టులో ఆల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు పారిస్‌లోని త్విలరీ తోటలో ఇలాంటి బొమ్మనే 11 సెకన్లు, సుమారు 40 మీటర్ల దూరం ఎగరేశాడు. అతని నమూనా మీదే చేసిన ఎగిరే బొమ్మ ఒకటి 1878లో రైట్ సోదరుల చేతికి వాళ్ళ నాన్న ద్వారా చేరింది. అందులో వాడినవి బెండు, వెదురు, కాగితం, రబ్బరు. ఇక్కడ వాడుతున్నవీ ఆ నాలుగే. వాళ్ళ బెండు వేరే చెట్టుది, మనది జొన్నది.

1వ రోజు: దంటు

సంక్రాంతి దాటిన వారం. వింజమూరు వైపు నుంచి తెచ్చిన చొప్పలో 30 దంట్లు ఏరితే పనికొచ్చినవి 7.

విమానానికి వెన్నెముకగా కావాల్సింది కంకికి సరిగ్గా కింద ఉండే భాగం. జొన్న మొక్కలో కణుపుకీ కణుపుకీ మధ్య దూరం అక్కడే అన్నిటికంటే ఎక్కువ, కాబట్టి 34 సెం.మీ. ముక్క కణుపు లేకుండా దొరుకుతుంది. మందం 7 నుంచి 8 మి.మీ. ఉండాలి. 6 కంటే సన్నగా ఉంటే రబ్బరు లాగినప్పుడు వంగుతుంది, 9 దాటితే అనవసరపు బరువు.

ఏరేటప్పుడు మూడు పరీక్షలు. దంటును కంటి దగ్గర పెట్టి పొడవునా చూస్తే వంకర తెలిసిపోతుంది. సన్నటి రంధ్రం ఉంటే కాండం తొలిచే పురుగు లోపలికి వెళ్ళిందని లెక్క. చీల్చి చూస్తే బెండు ఎర్రగా, పొడిపొడిగా ఉంటుంది, దాన్ని పక్కన పడేయాలి. మూడోది చెవి పరీక్ష: గోటితో కొడితే టక్కుమని మోగాలి. మెత్తగా పలికితే ఇంకా తడి ఉంది. అలాంటివాటిని నాలుగు రోజులు నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఒక వైపే ఆరి విల్లులా వంగుతాయి.

వెన్నెముకకు తొక్క తీయకూడదు. బలమంతా ఆ తొక్కలోనే ఉంది, లోపలి బెండు దాన్ని గుల్లగా నొక్కుకుపోకుండా కాపాడుతుంది. ఎంచుకున్న దంటు తూకం 3.6 గ్రాములు. ఇదే పొడవు వెదురు బద్ద 8 మి.మీ. మందంతో తీసుకుంటే ఒక్కటే 12 గ్రాములు దాటిపోతుంది.

కింది భాగపు లావు దంట్లను చీల్చి బెండు తీసి పెట్టుకున్నాం. తొక్క అంచు బ్లేడు లాంటిది, వేలు కోస్తుంది. చీల్చేటప్పుడు బొటనవేలికి గుడ్డ చుట్టుకోవాలి. ఆ చీలికల్ని 2 సెం.మీ. పుల్లలుగా, ఒక కొన ఏటవాలుగా కోసి అగ్గిపెట్టె నిండా దాచాం. మన మేకులు ఇవే.

2వ రోజు: రెక్క చట్రం

ఎక్కువ సమయం పట్టిన పని, అతి ముఖ్యమైనదీ ఇదే.

రెక్క 40 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు, చివరిదాకా ఒకే కొలత. కోడిగుడ్డు ఆకారపు కొనలు అందంగా ఉంటాయి కానీ వాటికి బద్దల్ని వంచడం, కాగితం ముడతలు తీయడం రెండు రోజుల పని. ఎగరడంలో ఈ సైజుకి పెద్ద తేడా ఉండదు.

వెదురు బద్దలు గాలిపటాలకు చీల్చినట్టే చీల్చాలి: పచ్చ పెచ్చు వైపు ఉంచుకుని లోపలి వైపు చెక్కుకుంటూ పోవాలి, ఎందుకంటే నార గట్టిగా ఉండేది పెచ్చు వైపే. ముందంచుకీ వెనకంచుకీ 1.5 మి.మీ. చదరం బద్దలు. కొలవడానికి కొలబద్ద కంటే తేలిక ఉపాయం: 20 సెం.మీ. ముక్కను ఒక కొన పట్టుకుని మరో కొన మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఎంత వంగుతుందో చూడాలి. కుడి రెక్క, ఎడమ రెక్క ఒకేలా వంగితే చాలు, అంకె ఏదైనా ఫరవాలేదు. ఒకటి గట్టిగా ఒకటి మెత్తగా ఉంటే గాల్లో మెత్తనిది మెలితిరిగి విమానం ఆ పక్కకి ఒరుగుతుంది.

అడ్డ బద్దలు 7. వీటికి పైకి వంపు ఉండాలి, మధ్యలో 5 మి.మీ. ఎత్తు. వెదురును పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, కొవ్వొత్తి మంటకు రెండు వేళ్ళ ఎత్తులో జరుపుతూ మెల్లగా వంచాలి. మసి పట్టిందంటే మంటకు దగ్గరైందని అర్థం; నల్లబడ్డ చోట బద్ద తర్వాత పుటుక్కున విరుగుతుంది. అట్టముక్క మీద ఒక వంపు గీసి ఏడింటినీ దానికి సరిపెట్టాం. వంగిన బద్ద చల్లారేదాకా వేళ్ళు తీయకూడదు.

చట్రాన్ని చదునుగా పేర్చడానికి మార్కాపురం పలక వాడాం. దాని మీద సుద్దతో గీత గీస్తే అదే నక్షా, తప్పు గీస్తే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. పలక చదునుగా ఉంటుంది, జిగురు అంటినా గీకితే వస్తుంది. అతుకులకు ఫెవికాల్ పుల్లమొనతో చుక్క మాత్రమే. అతుక్కి చుక్క బదులు గోళీ పెడితే రెక్క మొత్తానికి ఒక గ్రాము పెరుగుతుంది.

రెక్కను మధ్యలో రెండుగా చేసి, నడుమ 3 సెం.మీ. బెండు దిమ్మలోకి బద్దల కొనలు గుచ్చాం. ఒక్కో కొన 3.5 సెం.మీ. పైకి లేచేలా దిమ్మను ఏటవాలుగా కోశాం. పక్కకి ఒరిగినప్పుడు విమానం తనంతట తాను సర్దుకునేది ఈ ఎత్తు వల్లే. ఇక్కడ జిగురు వేయలేదు, కావాలనే. గట్టిగా తగిలితే బద్దలు దిమ్మలోంచి ఊడొస్తాయి, విరగవు. తిరిగి గుచ్చితే పని అయిపోతుంది. దిమ్మ రంధ్రం వదులైతే పక్కన తొక్క పుల్ల ఒకటి బిగించాలి.

3వ రోజు: కాగితం

పండగ వెళ్ళాక కొట్లలో మిగిలిన గాలిపటం కాగితం తెచ్చాం. కాగితానికి నార ఉంటుంది: ఏ వైపు చింపితే తిన్నగా చిరుగుతుందో ఆ వైపే దాని నార. ఆ నార రెక్క పొడవునా రావాలి. అడ్డంగా వేస్తే అడ్డ బద్దల మధ్య కాగితం గుంటలు పడి వంపు చెడుతుంది.

జిగురుకి మైదా ఉడికించి వాడొచ్చు. తేలిగ్గా ఉంటుంది, కానీ బొద్దింకలు కొరుకుతాయి. సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్ నయం. కాగితం పై వైపు మాత్రమే వేశాం. ముందు మధ్య అడ్డ బద్దకు అంటించి, అక్కణ్ణించి కొనల వైపు వేలితో రాసుకుంటూ పోవాలి. ముడత వస్తే లాగకూడదు, ఆ చోటు తడిపి మళ్ళీ పరవాలి.

ఆరాక నోటితో నీటి తుంపర చల్లితే కాగితం కొంచెం బిగుస్తుంది. ముదురు రంగు కాగితం మీద ఈ పని చేస్తే రంగు కారి మరకలవుతుంది. తెలుపు, పసుపు మేలు. ఇసుకలో పడ్డా కనిపించాలంటే మాత్రం పసుపే. తడి ఆరేదాకా రెక్కను పలక మీద బోర్లించి, నాలుగు మూలలా నాణేలు బరువు పెట్టి వదలాలి. ఆ గంటసేపు ఓపిక పట్టకపోతే రెక్క మెలితిరుగుతుంది. రెక్క తూకం 3.3 గ్రాములు.

4వ రోజు: తోక

తోక రెక్క 18 × 5 సెం.మీ., 1 మి.మీ. వెదురు, వంపు లేకుండా చదును: 0.7 గ్రాము. నిలువు తోక 6 × 5.5 సెం.మీ.: 0.3 గ్రాము. రెండింటినీ ఒక బెండు ముక్కకు తొక్క పుల్లలతో గుచ్చి, ఆ ముక్కను దంటు చివర దారంతో కట్టాం. తోకలో పెరిగే ప్రతి అర గ్రాముకీ ముక్కు దగ్గర గ్రాము దాకా మట్టి అతికించాల్సి వస్తుంది, కాబట్టి ఇక్కడ పిసినారితనం మంచిదే.

5వ రోజు: పంకా

ఉదయగిరి చెక్క చెంచాల పనితనం చూస్తే పంకా కూడా చెక్కతో చెక్కాలనిపించడం సహజం. 16 సెం.మీ. పంకా ఒకటి అలాంటి గట్టి చెక్కతో చేసి చూస్తే 6 గ్రాములు తూగింది. ముక్కు బరువై తూకం నిలవదు. పక్కన పెట్టేశాం.

పనికొచ్చింది పెరుగు కప్పు. దాని పక్క గోడ ఇప్పటికే వంపు తిరిగి ఉంటుంది. కప్పు నిలువు గీతకు 15 డిగ్రీలు వాలుగా 7 సెం.మీ. పొడవు, 2.8 సెం.మీ. వెడల్పుతో రెండు ఆకులు కోయాలి. రెండూ ఒకే పక్కకి వాలాలి, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ వాలితే రెండు ఆకులూ ఒకదాని పనిని ఇంకొకటి చెడగొడతాయి.

నడిమి పుల్ల 3 మి.మీ. వెదురు, 7 సెం.మీ. పొడవు, సరిగ్గా మధ్యలో సూది కాల్చి చేసిన 1 మి.మీ. రంధ్రం. ఆకుల్ని పుల్లకి అంటించబోతే జిగురు పట్టదు, ఆ ప్లాస్టిక్ నున్నన. ఎమరీ కాగితంతో గరుకు చేసి, దారం పది చుట్లు చుట్టి, ఆ దారం మీద జిగురు వేస్తే నిలుస్తుంది. మధ్య నుంచి 5 సెం.మీ. దూరంలో ఆకు వాలు 30 నుంచి 35 డిగ్రీలు ఉండేలా జిగురు ఆరకముందే సరిచేశాం.

ఇరుసుకి జెమ్ క్లిప్పు తీగ. ఇరుసు తిరిగే గొట్టానికి ఖాళీ అయిన బాల్‌పెన్ను రీఫిల్లు, 2 సెం.మీ. ముక్క. పంకాకీ గొట్టానికీ మధ్య ఒక గాజు పూస. పూస లేకపోతే రబ్బరు లాగుడుకి పంకా గొట్టాన్ని ఒరుసుకుని సగం శక్తి అక్కడే పోతుంది. గొట్టాన్ని దంటు కింద కట్టేటప్పుడు ముందు వైపు 3 డిగ్రీలు కిందికీ, 2 డిగ్రీలు కుడికీ చూడాలి. దారం దంటును నొక్కేయకుండా కింద సన్నటి వెదురు చీలిక వేశాం.

పంకాని ఇరుసు మీద తేలిగ్గా తిరగనిస్తే బరువు ఆకు కిందికి దిగుతుంది; దాని కొన కొద్దికొద్దిగా కత్తిరించాలి. ఎక్కడ ఆపినా అక్కడే నిలిచేదాకా.

6వ రోజు: రబ్బరు

3 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న రబ్బరు బ్యాండ్లు, ఆడపిల్లలు తాడాటకి గుచ్చుకునేట్టు ఒకదానిలో ఒకటి దూర్చి 45 సెం.మీ. దండ. ముందు కొక్కేనికీ వెనక కొక్కేనికీ దూరం 25 సెం.మీ. మాత్రమే, కాబట్టి దండ వదులుగా వేలాడుతుంది. అలాగే ఉండాలి: పొడవు పెరిగితే చుట్లు ఎక్కువ పడతాయి. దండ బరువు 2.8 గ్రాములు.

సైకిల్ ట్యూబు ముక్కలు వాడొద్దు. ఆ రబ్బరు సాగుతుంది కానీ తీసుకున్న శక్తిని తిరిగివ్వదు.

దండకు ఆముదం రాశాం, చాలా పల్చగా. రబ్బరు తనతో తాను ఒరుసుకోకుండా జారుతుంది. బండి ఆయిలు, వాజిలిన్ లాంటివి రబ్బరును ఉబ్బించి కుళ్ళబెడతాయి. పూసిన దండను వెలుతురు తగలని డబ్బాలో పెట్టాలి.

ఎన్ని చుట్లు పడతాయో తెలియాలంటే ఒకదాన్ని తెంపక తప్పదు. చేతి డ్రిల్లుకి కొక్కెం బిగించి, పిడి ఒకసారి తిప్పితే మొన 4 సార్లు తిరుగుతుందని లెక్క చూసుకున్నాం. దండను మూడింతలు సాగదీసి పట్టుకుని తిప్పుతూ, సగం చుట్లు పడ్డాక మెల్లగా దగ్గరికి రావాలి. సాగదీయకుండా తిప్పితే ముడులు ఒకే చోట పడి ముందే తెగుతుంది. మొదటి దండ 610 దగ్గర తెగింది, ఒక బ్యాండు మరో బ్యాండులో దూరిన చోట. అందులో నాలుగింట మూడు వంతులు హద్దు పెట్టుకున్నాం: 450.

7వ రోజు: పెన్న ఇసుకలో

నెల్లూరు దగ్గర పెన్న ఇసుక తిన్నెలు. ఉదయం ఆరున్నర. ఈ కాలంలో ఈ వేళకు ఆకు కదలదు. తొమ్మిది దాటితే ఇసుక వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆపైన సముద్రపు గాలి మొదలవుతుంది. 15 గ్రాముల బొమ్మ ఆ గాలికి ఆగదు.

మంచు గురించి ఒక మాట. బయల్దేరే ముందు 11.8 గ్రాములున్న విమానం, అరగంట బయట ఉంచాక 12.2. కాగితం తేమ పీల్చి వదులైంది. అట్టపెట్టెలోనే ఉంచి, వేసే ముందే తీయాలి.

పంకా, రబ్బరు బిగించి రెక్కను రెండు వేళ్ళ మీద నిలిపితే తోక బరువు. ముందంచు నుంచి 3 సెం.మీ. దగ్గర తూకం కుదరాలి. ముక్కుకి మట్టి పెట్టొచ్చు, కానీ రెక్క దిమ్మ రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది కాబట్టి జరపడమే మేలు. ముక్కు నుంచి 7 సెం.మీ. దగ్గరున్న రెక్కను 8.5కి జరిపితే సరిపోయింది. మట్టి ఒక్క చుక్క కూడా వాడలేదు.

చుట్లు లేకుండా, భుజం ఎత్తు నుంచి, ముక్కు కాస్త కిందికి చూసేలా తోసి వదలాలి. విసరకూడదు. దాని వేగం పరుగు లాంటి నడకంత, సెకనుకి మూడున్నర మీటర్లు. చెయ్యి కూడా అంతే వేగంతో కదలాలి.

మొదటి తోపుకి ముక్కు ఎత్తి, ఆగి, చతికిలబడింది. రెక్క ముందంచు కింద 4 మి.మీ. బెండు ముక్క ఉంది, దాన్ని 3కి అరగదీశాం. రెండోసారి తిన్నగా జారి 6 మీటర్లు. మూడోసారి, నాలుగోసారి 8. అంటే మీటరున్నర ఎత్తు నుంచి ఐదింతల దూరం, ఈ సైజుకి మంచిదే.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

8వ రోజు: చుట్లు

100 చుట్లు: నేలబారుగా 5 సెకన్లు. 150: 8 సెకన్లు, నెమ్మదిగా ఎడమకి తిరిగింది. ఎడమ తిరుగుడు సహజం, పంకా ఒక వైపు తిరిగితే విమానం రెండో వైపు ఒరగాలని చూస్తుంది.

300 వేస్తే ఎడమకి సుడి తిరుగుతూ ఇసుకలో గుచ్చుకుంది. ఎడమ రెక్క ఊడింది, విరగలేదు. దిమ్మలో గుచ్చి ఒక పుల్ల బిగించడానికి ఒకటిన్నర నిమిషం. నియమం నిలిచింది. కారణం వెతికితే ఎడమ కొన వెనకంచు 3 మి.మీ. పైకి మెలితిరిగి ఉంది. నిన్నటి మంచు చేసిన పని. ఫ్లాస్కులో తెచ్చిన వేడినీటి ఆవిరి మీద పట్టి, మెలికకు ఎదురు తిప్పి చల్లారనిచ్చాం. మళ్ళీ 300: వెడల్పాటి వలయం, 18 సెకన్లు, మెత్తగా దిగడం.

పడ్డ ప్రతిసారీ గొట్టంలోంచి ఇసుక ఊదేయాలి. ఒక్క రేణువు ఉన్నా పంకా ఆగి ఆగి తిరుగుతుంది.

9వ రోజు: వంగిన వెన్నెముక

450 చుట్లు వేసి వదిలితే పైకెక్కాల్సింది పోయి ముక్కు దించి నేలకేసి పోయింది. రెండుసార్లూ అంతే. 300కి బాగున్న విమానం 450కి ఇలా చేస్తే తప్పు రెక్కలో ఉండదు, చుట్లతో మారే దానిలో ఉండాలి. విమానాన్ని పక్క నుంచి చూస్తే తెలిసింది: కింది నుంచి లాగే రబ్బరు దంటును విల్లులా వంచింది, మధ్యలో 4 మి.మీ. దాంతో రెక్క ముందంచు దిగింది, తోక రెక్క ముందంచు లేచింది, పంకా మరింత కిందికి చూసింది. మూడూ కలిసి ముక్కు దించాయి.

దంటు మీద, పై వైపున, 26 సెం.మీ. పొడవు 1.5 మి.మీ. వెదురు బద్ద ఐదు చోట్ల దారంతో కట్టి, కట్ల మీద జిగురు రాశాం. వంగే దంటుకి పై తొక్క సాగాలి, వెదురు దాన్ని సాగనివ్వదు. అర గ్రాము పెరిగింది: 12.3. ఇప్పుడు 450కి వంపు 1 మి.మీ. కూడా లేదు.

11వ రోజు: ఆట

450 చుట్లు. తాటిచెట్టంత ఎత్తు, 12 నుంచి 15 మీటర్ల వలయాలు, 29 సెకన్లు. రెండోది 27, మూడోది 31. ఆఖరి ఐదారు సెకన్లు పంకా ఆగి కేవలం జారడమే. చప్పుడు లేని ఆ దిగుడే ఈ బొమ్మలో అన్నిటికంటే ముచ్చటైన భాగం.

సమయం కొలవడం ఒక్కటే అయితే అరగంటలో విసుగు వస్తుంది. ఇసుకలో 5 మీటర్ల వెడల్పు గిరి గీసి, చుట్లు ఎన్ని వేయాలో ఎవరికి వారు నిర్ణయించుకుని అందులో దించడం మంచి పోటీ. ఎక్కువ చుట్లు వేసినవాళ్ళు గెలవరు, గాలిని చూసి వేసినవాళ్ళు గెలుస్తారు. ఇంకొకటి: వదిలాక కదలకుండా నిలబడి, దిగే చోటు ముందే వేలుపెట్టి చూపడం. పదేళ్ళ పిల్లలు ఇందులో పెద్దవాళ్ళ కంటే తొందరగా ఆరితేరతారు.

తొమ్మిదికి దగ్గరలో తిన్నెల మీద రెండు గద్దలు రెక్క కదపకుండా గుండ్రంగా లేస్తున్నాయి. అవి ఉన్నాయంటే వెచ్చటి గాలి అక్కడ పైకి పోతోంది. అందులోకి 200 చుట్లతో వదిలితే 40 సెకన్లు దాటినా దిగలేదు, తూర్పుకి కొట్టుకుపోయి రెల్లు దుబ్బుల్లో దొరికింది. కుడి రెక్క కాగితం ఒక జానెడు చిరిగింది. ముక్క అంటించి, నీడలో పది నిమిషాలు ఆరబెట్టాం. ఇది ఒక్కటే రెండు నిమిషాల్లో కానిది. రేపటికి ముందే కోసిన కాగితం పట్టీలు, సన్నటి టేపు డబ్బాలో చేర్చాలి. గద్దలు కనిపిస్తే 100 చుట్లు మించకూడదు. రెండో దంటు ఆరింది, దాని మీద 36 సెం.మీ. రెక్కకి సుద్దగీతలు పలక మీద సిద్ధంగా ఉన్నాయి.